గ్యాసు బండ కోసం పెళ్ళి ఫోటోలు

ఆ రోజుల్లో గ్యాసు బండ కావాలంటే బటన్ ఫోనులో ఒక మిస్డ్ కాల్ ఇస్తే సరిపోయేది, పైసా ఖర్చు లేదు. తర్వాత మా అబ్బాయి పెద్ద ఫోను ఒకటి చేతిలో పెట్టి, ఇక అన్నీ ఇందులోనే అన్నాడు. అప్పటికి మనవరాలి పెళ్ళి చేసిన వయసే గానీ, ఫోను చదువులో నేనింకా పలక పట్టిన పిల్లనే. (అసలు చదువూ రెండో తరగతి దాటలేదు లెండి.)

పెళ్ళయిన నెలకి పెళ్ళికొడుకు నాయనమ్మగారు గుడివాడ నుంచి మా అవనిగడ్డకి మొదటిసారి భోజనానికి వస్తానని కబురు చేశారు. ఆవిడ దగ్గర మాట పడకూడదని నా పట్టుదల. తీరా పప్పు సగం ఉడికేసరికి బండ అయిపోయింది. మిస్డ్ కాల్ పద్ధతి ఎత్తేశారట, యాప్‌లోనే అడగాలట. అది తెరిస్తే అప్‌డేట్ చెయ్యమంది, చేస్తే చోటు చాలదంది. ఒక్క బండ అడగడానికి అంత చోటెందుకో! అటక దులిపినట్టు పాటలు తీసేశాను, ప్రవచనాలు లెంపలు వేసుకుని మరీ తీసేశాను, అదీ చాలదంటే పెళ్ళి ఫోటోలన్నీ తీసేశాను. తీరా లోపలికి వెళ్తే బండ తప్ప అన్నీ ఉన్నాయి. నేనెక్కడున్నానో చెప్పాలట, చక్రం తిప్పితే బహుమానమట, ఒక మూల ఎవరో అమ్మాయి డాన్సు. మధ్యలో సున్నా గిరగిరా తిరుగుతూనే ఉంది. పప్పు చల్లారిపోయింది గానీ ఫోను కాలిపోతోంది. గిన్నె దానిమీద పెట్టేద్దామనుకున్నాను.

ఇక లాభం లేదని పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, కొబ్బరిమట్టలు ఎగేస్తూ పొగలో దగ్గుతుంటే గుడివాడ వదినగారు రానే వచ్చారు. కొంగు దోపుకుని నా పక్కనే కూర్చున్నారు. హమ్మయ్య అనుకునేలోపే అడిగారు.

"పెళ్ళి ఫోటోలున్నాయటగా వదినగారూ, ఏవీ, ఓసారి చూపించండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తల వంచుకుని, గ్యాసు బండ కోసం తీసేశానని చెప్పాను. ఆవిడ ఇంకో మట్ట పొయ్యిలోకి తోసి, నెమ్మదిగా అన్నారు.

"నా ఫోన్లోవి నేనూ బస్సు టైము చూడ్డానికి తీసేశానండీ. అది తెరుచుకునేలోపు బస్సు నా ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆటోలు మారి వచ్చాను."

ఇద్దరం నవ్వీ నవ్వీ పప్పు మాడబెట్టాం. ఆ మాడు పప్పునే ఆవిడ మారు వడ్డించుకున్నారు.

సాయంత్రం ఆవిడ బస్సెక్కాక ఫోను టింగుమంది: మా సేవ ఎలా ఉంది, చుక్కలివ్వండి అని. పట్టపగలే చూశాను కదా, ఇంకెక్కడి చుక్కలు! ఫోటోలు మళ్ళీ పంపిస్తానంటాడు మా అబ్బాయి. ప్రవచనాలకి లెంపలేసుకుని, పెళ్ళివారిని మాత్రం చెయ్యి వణక్కుండా తుడిచేసిన ఆ మహాతల్లిని తలుచుకుంటే ఇప్పటికీ నాకే ముద్దొస్తుంది.