మొహమాటానికి వేసిన దావా

కిరాయి అడగడానికి మొహం చెల్లక కోర్టుకు వెళ్లిన మనిషిని మా బాపును తప్ప ఇంకొకరిని నేను చూడలేదు.

కంపెనీలో రిటైరయ్యాక వచ్చిన పైసలతో ఆయన మేడ్చల్‌లో మా ఇంటి ముందు కిరాయికివ్వడానికి ఒక మడిగె, అంటే దుకాణం గది, కట్టించాడు. అందులో టెంట్‌హౌస్ పెట్టుకున్నాయన బాపును అన్నా అనేవాడు. పొద్దున చాయ్ ఇద్దరూ కలిసే తాగేవారు. అమ్మ పోయినప్పుడు వాకిట్లో టెంటు వేసి రూపాయి తీసుకోలేదు. తర్వాత శామీర్‌పేట దారి పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. పెళ్లిళ్లు ఏసీలోకి వెళ్లిపోయాయి. టెంట్‌హౌస్‌కు చావులే మిగిలాయి. వాటి మీద మడిగె నడవదు, మా ఊరి జనం అంత సహకరించరు.

కిరాయి ఆగిపోయింది. బాపు మందులు ఆ కిరాయితోనే వచ్చేవి. అయినా అడగలేదు, చాయ్ తాగుతూ ఎండల గురించి మాట్లాడేవాడు. చివరికి వకీలును కలిశాడు. "కోర్టయితే మర్యాదగ అడుగుతది. మా ఇద్దరి నడుమ మాట రాదు," అన్నాడు నాతో.

నోటీసులు వెళ్లాయి. టెంట్‌హౌసాయన కోర్టు గడప తొక్కలేదు. డిక్రీ మాకు వచ్చింది. ఒక ఉదయం సామాను జప్తు చేయడానికి చంకలో ఫైలుతో కోర్టు అమీను దిగాడు. బాపు మెల్లగా ఇంట్లోకి నడిచాడు.

"ఏడికి పెద్దాయనా? ఏ సామాను జప్తు చెయ్యాల్నో నువ్వే చూపియ్యాలె."

"నేనా? మీరే చేస్కుంటరనుకున్న."

"ఏది ఆయనదో, ఏది కిరాయికి తెచ్చిందో నాకేమెరుక? దావా ఏసినోళ్లు చూపిస్తరు, మేం రాస్కుంటం. గంతే."

మడిగెలోకి వెళ్లాం. టెంట్‌హౌసాయన కుర్చీలు తుడిచి వేశాడు. జప్తు కావాల్సిన కుర్చీల్లోనే కూర్చున్నాం. బాపు నేల చూశాడు, పైకప్పు చూశాడు, సామాను తప్ప అన్నీ చూశాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

"జల్దీ చూపియ్యి, నాకింకో ఊరున్నది," అన్నాడు అమీను.

అప్పుడు టెంట్‌హౌసాయనే లేచాడు. "రాస్కోండి సార్. గా వంట గంజులు నాయే. గీ షామియానాలు గూడ. గా మూలకున్న కుర్చీలు ఇరిగినయ్, అయి రాసి ఏం ఫాయిదా?"

పెళ్లివారికి అప్పజెప్పేటప్పుడు చేసినట్టే, ప్రతి గంజునూ వేలితో కొట్టి, చిల్లు లేదని వినిపించి మరీ రాయించాడు. సామాను ట్రాలీ ఆటోకు ఎక్కిస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఎవరి తరఫున మోస్తున్నానో నాకే తెలియలేదు.

బాపుకు అప్పటికి మాట వచ్చింది. "తమ్మీ, గిట్లయితదనుకోలే."

"ఒక్కసారన్న నోరిడిసి అడుగకపోతివి అన్నా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "నాలుగు తిట్టినా మంచిగుండు. గంజులు నేనే అమ్మి తెచ్చిస్తుంటి. ఇగ వేలంల పాత ఇనుప సామానోడు తూకానికి కొంటడు. నీకు రాదు, నాకు రాదు."

అలాగే జరిగింది. బాపుకు వచ్చినది వకీలు ఫీజు దగ్గరే ఆగింది. టెంట్‌హౌసాయన శామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో కుర్చీలు సర్దే పనికి కుదిరాడని తెలిసింది. బాపు ఒకరోజు ఉతికిన చొక్కా వేసుకుని, షేర్ ఆటో ఎక్కి అక్కడికి వెళ్లాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"కలిసినవా?" అన్నాను.

"లోపల ఎవలదో పెండ్లి అయితాంది. పిలువని పెండ్లికి ఎట్ల పోతరా?" అని చొక్కా విప్పి తీగ మీద ఆరేశాడు.