గోడ దాటిన జామకొమ్మ

మొయినాబాద్ బస్టాండు దగ్గర జామకాయల బండి ఒకటి ఉంటుంది. బండివాడు కాయను పువ్వులా విచ్చుకునేట్టు కోసి, మధ్యలో ఉప్పూ కారం అద్ది చేతిలో పెడతాడు. మొన్న శనివారం ఏదో పని మీద అటు వెళ్లి, అక్కణ్నుంచే బడికి పోతూ నేనూ ఆగి ఒకటి కొనుక్కున్నాను. కత్తి దిగగానే వచ్చిన ఆ పచ్చి వాసనకు ఎస్తేరు టీచర్ మూడో తరగతి గది మొత్తం కళ్ల ముందుకొచ్చింది. చాపల మీద గుండ్రంగా కూర్చున్న పిల్లలు, వాళ్ల మధ్య ఇరుక్కుని మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిప్పలు పడుతున్న నేను.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే దారిలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో మేమిద్దరం పనిచేసేవాళ్లం. నేను లెక్కల మాస్టర్ని, చేవెళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ని. ఆమెది ఆ పక్కనే ఉన్న ప్రొద్దుటూరు అనే చిన్న ఊరు. నాకంటే చాలా పెద్దవారు, చిన్న తరగతులకు తెలుగు చెప్పేవారు. శనివారం ఆఖరి పీరియడులో మూడో తరగతికి నీతి విద్య కూడా ఆమెదే. ఏ బడిలోనైనా ఆ పీరియడు గతి ఒకటే. సిలబస్ వెనకబడ్డ మాస్టరు దాన్ని లాక్కుంటాడు. మా బడిలో ఆ లాక్కునేవాణ్ని నేను. "టీచర్, పరీక్షలున్నాయి" అంటూ గుమ్మంలో నిలబడేవాణ్ని. ఆమె "తీస్కోండ్రి సార్" అని పక్కకు జరిగేవారు. పిల్లల ముఖాలు వాడిపోయేవి. అది లెక్కలంటే ఉండే భయమే అనుకునేవాణ్ని. ఆమె ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతారని విన్నాను కాబట్టి, ఇక్కడా అవే కథలు చెప్పి చివర ఒక నీతి రాయిస్తారని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఒక్కసారైనా అడగలేదు. తెలియనిదాని గురించి ధీమాగా మాట్లాడటం అప్పట్లో నాకు బాగా అబ్బిన విద్య.

ఆ ధీమాతోనే ఒకనాడు కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్లి, ఆ పీరియడును పూర్తిగా లెక్కలకు ఇచ్చేయమని అడిగాను. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే "మీరిద్దరూ మాట్లాడుకోండి. సోమవారం మీరు ఏం చెబితే అదే టైంటేబుల్లో పెడతా" అన్నారు. నేను నేరుగా స్టాఫ్‌రూంకి వెళ్లాను. ఎస్తేరు టీచర్ అన్నం తిని టిఫిన్ డబ్బా మూత పెడుతున్నారు.

"టీచర్, కథలు ఇంటి దగ్గరైనా చెప్పుకోవచ్చు. ఆ పీరియడు లెక్కలకిస్తే పిల్లలు బాగుపడతారు" అన్నాను.

"కథలా?" ఆమె నవ్వారు. "నాకు కథలు చెప్ప రాదు సార్."

"మరి ఏం చెబుతారు?"

"ఏం చెప్ప. అడుగుత." డబ్బాను సంచిలో పెట్టుకున్నారు. "ఇస్త సార్. ఈ బడిల నేను నోరు తెరిచి అడిగి తీసుకున్నది గా పీరియడొక్కటే. మీరు తీసుకునే ముందల ఒక్క శనివారం వచ్చి కూసోండ్రి. కుర్చీల గాదు, కింద."

ఆమె గొంతు అంత మెత్తగా ఉండటంతో, పని సులువుగా అయిపోయిందని లోలోపల సంతోషించాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం వెళ్లి కూర్చున్నాను. పక్కనున్న చరణ్ అనే పిల్లవాడు నన్ను అనుమానంగా చూశాడు. "సార్, మీకు రూల్ ఎర్కనా?" అన్నాడు. తెలియదన్నాను. వాడు ఎంతో ఓపికగా వివరించాడు. "మీ ముందల మాట్లాడినోళ్లు ఏమన్నరో అది ఫస్ట్ చెప్పాలె. వాళ్లు 'గంతే' అంటేనే మీ మాట చెప్పాలె. 'గట్ల గాదు' అంటే మళ్ల చెప్పాలె." ఇదేదో ఆట అనుకుని తల ఊపాను.

కనకమామిడి ఊరి నుంచి పిల్లలు నడిచి వచ్చే దారిలో ఒక ఫాంహౌజ్ ఉంది. లోపలి జామచెట్టు కొమ్మ ఒకటి ప్రహరీ దాటి రోడ్డు మీదికి వాలింది. ఆ వారమంతా పిల్లల జేబుల నిండా జామకాయలే. ఎస్తేరు టీచర్ అడిగిన ప్రశ్న కూడా అదే. "గోడకు ఇవతల వేలాడే కాయ ఎవరిది?"

"మనదే టీచర్" అన్నాడు చరణ్ వెంటనే. "రోడ్డు అందరిది. రోడ్డు మీదికొచ్చిన కాయ గూడ అందరిదే."

నవ్య అనే పిల్ల ఆ మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి "గంతేనా?" అంది. చరణ్ "గంతే" అన్నాడు. "మరి మా బర్రె గూడ రోజు రోడ్డు మీదికొస్తది. అది గూడ అందరిదేనా? రేపు వచ్చి పెండ తీయిరి అందరు."

గది ఘొల్లుమంది. చరణ్ మాత్రం తగ్గలేదు. నవ్య మాట అప్పజెప్పి "గంతే" అనిపించుకుని, "బర్రెకు కాళ్లుంటయి, మళ్ల ఇంటికి పోతది. కాయ పోతదా?" అన్నాడు. ఇంకొకడు "గోడ ఉన్నదని చెట్టుకు ఎర్కనా టీచర్?" అన్నాడు. ఆ మాటకు ఎస్తేరు టీచర్ ముఖం వెలిగిపోయింది. ఎవరో పండగకు చీర తెచ్చి ఇచ్చినట్టు మురిసిపోయారు. "జర ఆగుండ్రి, గిది మంచిగున్నది" అని అందరినీ కాసేపు ఊరికే కూర్చోబెట్టారు. నాకేమో ఓపిక అయిపోతోంది. పరుల సొమ్ము ముట్టకూడదు అని ఒక్క ముక్క చెబితే పని తెమిలిపోతుంది, మిగిలిన సమయానికి ఎక్కాలు చెప్పుకోవచ్చు.

అప్పుడు నాకు ఎడమపక్క కూర్చున్న శిరీష మాట్లాడింది. ఆ ఫాంహౌజ్ వాచ్‌మన్ కూతురే ఆమె. "ఐతారం నాడు ఫాంహౌజ్ సారొస్తడు. కాయలేవని మా బాపును తిడ్తడు. ఎవలు తెంపుతున్నరో మా బాపుకు ఎర్కనే. చెప్పడు."

తర్వాతి వంతు నాది. నాకు చాలా సులువనిపించింది. "దొంగతనం తప్పు, దానివల్ల మీ బాపుకు చెడ్డపేరు వస్తోందంటున్నావు. అంతేనా?"

"గట్ల గాదు సార్. దొంగతనమని నేను అనలే."

పిల్లలంతా నావైపే చూస్తున్నారు. "సరే. మీ బాపు పాపం తిట్లు పడుతున్నాడు, ఆయన మీద మనం జాలి పడాలి..."

"పాపమని గూడ అనలే సార్" అంది శిరీష. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. తక్కువ తూచిన కూరగాయలను మళ్లీ తూచమని అడిగినట్టు అంది. చరణ్ నా మోచేతిని పొడిచి, "సార్, మీది కలపొద్దు. ఆమెది ఆమెకే ఇయ్యాలె" అని గుసగుసగా చెప్పాడు.

ఎనిమిదేళ్ల పిల్ల చెప్పిన నాలుగు మాటలను, నావి కలపకుండా తిరిగి చెప్పలేకపోతున్నాను. ఎస్తేరు టీచర్ సాయం చేయలేదు, నవ్వలేదు కూడా. నేను తల వంచుకుని, ఆ పిల్ల నిజంగా ఏమందో మొదటిసారి గుర్తు చేసుకున్నాను. "కాయ తిన్నది ఒకరు, తిట్లు తిన్నది మీ బాపు. తిన్నవాళ్లెవరో తెలిసినా ఆయన చెప్పలేదు."

"గంతే సార్" అంది శిరీష.

ఆ తర్వాత నేను నా మాట చెప్పాలి. నా వంతు చరణ్‌కు వదిలేశాను. చరణ్ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పుతూ, "తెంపేటప్పుడు ఆడ ఎవ్వలు లేకుండె టీచర్. తిట్లు ఎవలకు పడ్తయో నాకు ఎర్కలే" అన్నాడు. గంట కొట్టారు. ఇప్పుడైనా నీతి చెబుతారేమోనని చూశాను. "ఇయ్యాల్టికి చాలు. ఇంటికి పోయి సోచాయించుండ్రి" అని, ఆలోచించే పని వాళ్లకే వదిలేసి, ఆమె చాపలు చుట్టడం మొదలుపెట్టారు.

సోమవారం కరస్పాండెంట్ గారికి పీరియడు వద్దని చెప్పాను. ఆయన వింతగా చూసి మళ్లీ ఫోన్లో తల దూర్చారు. నేను పెద్ద ఉపకారం చేసినవాడిలా స్టాఫ్‌రూంకి వచ్చి, "మీ పీరియడు మీకే ఉంచేశాను టీచర్" అన్నాను.

"గట్ల గాదు సార్" అన్నారు ఆమె, కళ్లతో నవ్వుతూ. "నాదెప్పుడైంది? పిల్లలది."

ఇక్కడితో పిల్లలంతా బుద్ధిమంతులైపోయారని రాస్తే బాగుండేది. జరిగింది వేరు. ఆ వారం చరణ్ నాయకత్వంలో కొందరు పోయి శిరీష బాపును అడిగారు. ఆయన నవ్వి, "కొమ్మ జోలికి పోకుండ్రి. కింద పడ్డయి ఏరుకోండ్రి" అన్నాడట. ఆ మర్నాటి నుంచి పిల్లలు గోడ దగ్గర ఆగి కొమ్మను పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. ఊపితే పడ్డ కాయ, పడ్డదా, తెంపిందా? శిరీష ఈ సంగతి మోసుకొచ్చిన రోజు ఎస్తేరు టీచర్ కళ్లనిండా నీళ్లొచ్చేదాకా నవ్వారు. "చూసిండ్రా సార్, గోడ పంచాయితీ అయిపోయింది, ఇగ ఊపుడు పంచాయితీ" అన్నారు. నేను ఆత్రంగా జవాబేమిటని అడిగాను. "శనివారం రాండ్రి" అన్నారు. ఇంత చేసినా వీళ్లు మంచివాళ్లవుతారా అని అడిగితే, "గది నాకెట్ల ఎర్క సార్? అవతలోళ్ల మాట సాంతం ఇననీ, నాకు చాలు" అన్నారు. ఆ తర్వాత దాదాపు ప్రతి శనివారం వెళ్లి చాప మీద కూర్చున్నాను. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో మెల్లగా అలవాటైంది.

ఆమె ఇప్పుడు ప్రొద్దుటూరులో టమాట మడి చూసుకుంటూ హాయిగా ఉన్నారు. బడి మానేసి వెళ్లేటప్పుడు ఆ పీరియడు నా చేతికిచ్చి వెళ్లారు. లాక్కోవాలనుకున్నవాడికే అది దక్కడం ఆమెకు మహా సరదా. నేను పూర్తిగా మారిపోయానని చెప్పుకోను. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు సిద్ధం చేసుకునే గుణం ఇంకా ఉంది. ఒకసారి ఇంట్లో ఈ రూలు సంగతి చెప్పి పొరపాటు చేశాను. ఇప్పుడు ఏ గొడవ వచ్చినా మా ఆవిడ చేతులు కట్టుకుని, "ముందు నేనేమన్ననో చెప్పు" అంటుంది. మూడు నాలుగు సార్లు చెప్పినా నాకు 'గంతే' పడదు. అప్పటికి ఇద్దరికీ నవ్వొచ్చి గొడవ చల్లారుతుంది.

మొన్న ఆ బండి దగ్గరే కోయని జామకాయ ఇంకొకటి కొని జేబులో వేసుకుని బడికి వెళ్లాను. ఆఖరి పీరియడులో దాన్ని చాప మధ్యలో పెట్టి, పాత ప్రశ్నే అడిగాను. ఊపితే పడ్డ కాయ ఎవరిది? కొత్త పిల్లలు కొత్తగా కొట్లాడుకున్నారు. ఒక మూల నుంచి సన్నటి గొంతుతో ఒక పిల్ల ఏదో అంది. బస్సు టైం అవుతోంది. నేను వాచీ చూసుకుంటూనే ఆ మాటను చక్కగా సర్ది, ఒక నీతి వాక్యంలా చేసి, "అంతేనా?" అన్నాను.

"గట్ల గాదు సార్."

వాచీని చొక్కా చేతి కిందికి తోసేసి, ఆ పిల్లకు కొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాను.

"మళ్ల చెప్పమ్మా" అన్నాను.