గ్రూపులో పెట్టిన చదువు

నేను చదివింది రెండో తరగతి దాకా. బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, సంతకం పెట్టగలను. అందుకే మా మనవరాలు ఫోన్లో పాఠం చదువుతుంటే అది మంచి చదువో కాదో నాకు తెలియలేదు.

అప్పుడది నాలుగో తరగతి. మాది రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో ఊరు. వాళ్ళ టీచరుగారు తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. వెనకబడ్డ పిల్లల్ని ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని చదివించి ఫోన్లో వీడియో తీసేవారు. పుస్తకం మీద కదిలే వేలు, పిల్ల గొంతు, అంతే. మొహం పడనిచ్చేవారు కాదు. తరగతి గ్రూపులో పెట్టకుండా, ఎవరిది వాళ్ళింటికే పంపేవారు. పిల్ల తన గొంతు తనే విని, ఎక్కడ తడబడిందో చూసుకుని మర్నాడు మళ్ళీ చదవాలి. మా పిల్ల మంచం కింద దూరి, ఫోను చెవికి ఆనించుకుని వినేది. 'చెరువు' అన్న మాట దగ్గర మొదట మూడుసార్లు ఆగింది. రెండు వారాలకి ఒక్కసారే ఆగింది. ఆ తేడా దానికి తెలిసినట్టు నాకు తెలియలేదు.

ఇంట్లో రెండో ఫోను నా దగ్గరుండేది, టీచరుగారు పంపేవి దానికే వచ్చేవి. ఆ మొదటి వీడియో విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా కన్నా బాగా చదువుతోందనుకున్నాను. మా చుట్టాల గ్రూపులో పెట్టేశాను. మొహం లేదు కదా, ఎవరో తెలియదేమోనని, "ఇది మా మనవరాలే, వినండి" అని నా గొంతుతో చెప్పి మరీ పెట్టాను.

బాపట్లలో ఉండే మా మేనల్లుడు దాన్ని తన స్టేటస్‌లో పెట్టి, కింద 'కాబోయే కలెక్టరు' అని రాశాడు, పక్కన నవ్వే బొమ్మలు. వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. ఫోన్ చేసి అడిగితే, "ఒక్కరోజే ఉంటుందత్తా, తర్వాత అదే పోద్ది," అన్నాడు. పోలేదు. వాడి భార్య చెల్లెలిది మా ఊరే. మూడో రోజుకి బడి గోడ మీద కూర్చున్న పిల్లలు మా పిల్లని చూసి "చె... రు..." అని సాగదీస్తున్నారు.

ఆ నెల్లోనే తెనాలిలో చుట్టాల గృహప్రవేశం. భోజనాల దగ్గర పదిమంది ముందు మా మేనల్లుడు, గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీ చూపించి, "ఏమ్మా కలెక్టరుగారూ, ఇది చదువు. సాయంత్రానికల్లా అయిద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ, మొహమాటానికి, కాస్త నవ్వాను. పిల్ల వాణ్ణి చూడలేదు, నన్ను చూసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది.

"నువ్వే పంపావా మామ్మా?"

"బాగా చదివావనమ్మా."

"అది నాకు పంపారు టీచరు."

మర్నాటి నుంచి టీచరుగారి ఫోను ముందు నోరు విప్పలేదు. ఎవరో తల్లులు వెళ్ళి, మా పిల్లల్ని వీడియోలు తీసి ఊరంతా తిప్పుతున్నారని హెడ్మాస్టరుతో గొడవ పెట్టుకున్నారట. ఆయన వీడియోలు ఆపేయమన్నారు. మిగతా పిల్లలకీ ఆ సాయం పోయింది, నా మూలంగా.

టీచరుగారు ఓసారి మా ఇంటికొచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఇంకొక్క నెల ఉంటే అందుకునేదండి మామ్మగారూ," అని, మంచినీళ్ళు తాగి, రైలు టైమైందని వెళ్ళిపోయారు.

ఇప్పుడది ఏడో తరగతి. చదవడం వచ్చింది, ఎలా వచ్చిందో తెలియదు, ఒక్కతే కూర్చుని నేర్చుకుంది. తరగతిలో లేచి చదవమంటే మాత్రం చదవదట. నిలబెట్టినా నిలబడే ఉంటుందట. మొన్న ఆసుపత్రిలో నా చీటీ ఇచ్చి, చదివి పెట్టమ్మా అన్నాను. పెదవి కదపకుండా మొత్తం చూసింది. "తెల్ల మాత్ర పొద్దున, ఎర్రది రాత్రి తిన్నాక" అని చెప్పి, చీటీ మడిచి నా చేతిలో పెట్టింది.