పట్టాల మీద చెయ్యి

విజయనగరంలో ఎక్కిన పాసింజరు బండిలో నా ఎదురుగా ఖాళీ చేపలబుట్టతో ఒకావిడ కూర్చుంది. నా ఒళ్లో, కాలేజీలో మా జట్టు పోటీ కోసం చేసిన చిన్న మెట్రో రైలు నమూనా ఉంది.

"ఏటి తల్లీ అది?" అంది.

"డ్రైవరు లేని రైలు. మనిషి అడ్డమొస్తే దానంతటదే ఆగిపోతుంది" అన్నాను గొప్పగా.

"ఏదీ, సూపించు."

మూరెడు పట్టాలు సీటు మీద పరిచి రైలును వదిలాను. ఆవిడ అరచెయ్యి నిలువుగా అడ్డం పెట్టింది. రైలు ఆగింది. రెండోసారి అదే చేతిని పట్టాల మీద బోర్లా పరిచింది. ఈసారి ఆగలేదు. ఆవిడ వేళ్లమీదికెక్కి పక్కకు ఒరిగిపోయింది. మేం ఎప్పుడూ నిలబెట్టిన సీసాలతోనే పరీక్షించాం మరి.

"పడుకున్నోల్ని సూడదేటి?"

"పట్టాల మీద ఎవరు పడుకుంటారమ్మా?" అని నవ్వాను.

"మా పెద్దోడు పడుకున్నాడు" అంది, చెయ్యి తీయకుండానే.

కోటబొమ్మాళిలో బుట్ట ఎత్తుకుని దిగిపోయింది.

పోటీ నాటికి, అడ్డును పసిగట్టే సెన్సరును పట్టాలకు ఆనేంత కిందికి దించాం. అంత కిందికెందుకని అక్కడ పరీక్షించే పెద్దలు అడిగారు.

"పడుకున్నవాళ్ల కోసం" అన్నాను.

వాళ్లూ నవ్వారు.