రేకు మనిషి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో పాతకాలపు తవ్వే యంత్రం ఉంది. మోచేతి పొడవు బొమ్మ. నూనె డబ్బాల రేకుతో, సైకిల్ పుల్లలతో తానే చేశాడట.

"కాలువ పనిల అసలు దాన్ని ఇరవై ఏండ్లు నడిపిన. ఆఖరికి ముక్కలు కోసి తుక్కుకు అమ్మిండ్రు. ఫోటో సుత లేదు," అన్నాడు.

అందుకే కొలతల కోసం ముందుగా తనలాంటి మనిషినొకణ్ని వేలెడు ఎత్తున రేకుతో చేసుకున్నాడు. మెట్టు మోకాలి దాకా, చక్రాల మీది చైను నడుము దాకా అని, తన ఒంటికి గుర్తున్న కొలతలన్నీ వాడికి ఆనించి చూసుకున్నాడు. లివర్లు మాత్రం కంటి అంచనాతో పెట్టేశాడేమో, లింగంపేట దాటాక రేకు మనిషిని క్యాబిన్‌లో నిలబెట్టి ముఖం ముడిచాడు. అవి వాడి భుజాల దాకా వచ్చాయి.

"నాకైతే ఛాతి కాడికే వస్తుండె."

జేబులోంచి పట్టకారు తీసి, రంగు ఆరిన లివర్లన్నీ పీకేశాడు.

"గోరంత తేడా. ఎవలు చూస్తరు బాపు?" అన్నాను.

ఆయన రేకు మనిషిని చూపించాడు. "నడిపెటోడు చూడడా?"

నా సంచిలో నేను కుట్టిన, ఎల్లారెడ్డిలో గిరాకీకి ఇవ్వాల్సిన జాకెట్టు ఉంది. చంక కింద కుట్టు వంకరపోయినా, లోపలే కదా అని ఇస్త్రీ చేసి మడిచేశాను. దాన్ని ఇవ్వకుండా వెనక్కి తెచ్చి, కుట్టు విప్పాను.