శనివారం కాని రోజు

మొన్న బుధవారం సాయంత్రం ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న స్పానిష్ రెస్టారెంట్‌కి ఒక్కణ్ణే వెళ్లి కూర్చున్నాను. ఆ ఒక్కణ్ణే అనే మాట నాకింకా అలవాటు కాలేదు. ఇంట్లో కూర్చుని రోజూ పెరుగన్నమే తింటే ఎలా, బయటికెళ్లి నలుగురి మధ్య తినమని మా అమ్మాయి ఫోన్‌లో ఇంగ్లీషులో ఒకటే పోరు. ఆ పోరు పడలేక వెళ్లాననే చెప్పుకోవాలి. అక్కడ టపాస్ అని చిన్న చిన్న పళ్లేల్లో నాలుగైదు రకాలు తెచ్చి బల్ల మధ్యలో పెడతారు, అందరూ తలా కాస్త పంచుకు తినాలి. నిజానికి ఒంటరివాడు తినవలసిన తిండి కాదది. అయినా వెల్లుల్లి వేసిన రొయ్యలు, ఎర్రటి గుజ్జు పోసిన బంగాళాదుంపలు, ఒక గుడ్డట్టు తెమ్మని చెప్పి, కిటికీ పక్కనున్న మా పాత బల్ల దగ్గరే కూర్చున్నాను.

నేను ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో, మీలో ఈ దేశానికి డాక్టర్లుగా వచ్చినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, మన బతుకులన్నీ గోడకు అంటించిన డ్యూటీల పట్టిక, అదే రోటా, చేతిలో ఉండేవి. నాకు నిలకడగా దొరికే సాయంత్రం శనివారం ఒక్కటే, నెలకోసారైనా మా ఆవిడతో కలిసి బయట తినాలని నా సరదా. మా ఆవిడకేమో శనివారం ఒక్కపొద్దు. పగలు ఒక్కపూట భోంచేసి, సాయంత్రం ఉల్లిపాయ తగలని ఉప్మా కాస్త తిని, బొట్టు సరిచేసుకుని, చీర మీద కోటు తొడుక్కుని నాతో ఈ రెస్టారెంటుకే బయల్దేరేది. ఎదురుగా కూర్చుని మంచినీళ్లు తాగుతూ వచ్చిన పళ్లేలన్నీ నా వైపు జరిపేది, వేడిది ముందు తినమనేది, చల్లారినా పర్వాలేనిది అవతల పెట్టేది. పరాయి దేశపు హోటల్లో కూడా నాకు వడ్డించిందే తప్ప తను తిన్నది లేదు.

వారానికి ఏడు రోజులుంటే మీ వెంకన్నకు నా సెలవు రోజే దొరికిందా అని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. అదేదో పుట్టింటి ఆచారమనుకున్నాను. "ఆయన్నే అడగండి" అని నవ్వేసేది.

ఆవిడ మనసంతా ఆ దుంపల మీద ఉండేది. ఎలా ఉందండీ అని అడిగితే బాగుంది అనేవాణ్ణి. "బాగుందంటే? పులుపా, కారమా?" అని మళ్లీ అడిగేది. కాస్త పులుపు, కాస్త కారం అనేవాణ్ణి, నోట్లో ముద్దతోనే. మర్నాడు ఆ రెండు మాటలూ పట్టుకుని, టొమాటోలూ ఎండుమిర్చీ చింతపండూ వేసి, ఇంగువ పోపు పెట్టి దుంపలు వండి, నా పక్కన నిలబడి అలాగే వచ్చిందా అని అడిగేది. నేను పేపర్లోంచి తలెత్తకుండా అచ్చం అదే అనేవాణ్ణి. ఆవిడ మొహం వెలిగిపోయేది. దానికి స్పెయిన్ కూర అని పేరు కూడా పెట్టి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ గొప్పగా వడ్డించేది.

ఒకే ఒక్కసారి, "ఓ బుధవారం తీసుకెళ్లండి, నేనూ రుచి చూస్తాను" అంది. చూద్దాంలే అన్నాను. రోటా మార్చమని నోరు తెరిచి అడగడం నాకు నామోషీ. పనికి వెనకాడుతున్నాడని ఎక్కడ అనుకుంటారోనని మన తరం వాళ్లందరికీ ఆ భయం ఉండేది. కొన్నేళ్లకు ఆ రోటా రాసేవాళ్లలో నేనూ ఒకణ్ణయ్యాను. అప్పుడు కూడా ఆవిడ బుధవారం నాకు గుర్తు రాలేదు, దానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

నేను రిటైరవడానికి నాలుగు నెలల ముందు, పోయినేడాది, మా ఆవిడ పోయింది. తర్వాత ఓ రోజు కాకినాడ నుంచి మా మరదలు ఫోన్ చేసి మాటల మధ్యలో ఏడ్చేసింది. "మీరు అక్కడికెళ్లిన కొత్తలో ఆ డాక్టర్ల పరీక్ష రెండుసార్లు తప్పారు కదండీ బావగారూ. మూడోసారి గట్టెక్కితే బతికున్నంతకాలం శనివారాలుంటానని మొక్కుకుందండి అక్క. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది" అంది. ఆ మూడోసారి నెగ్గింది నా తెలివివల్లేనని నేను ఊరంతా చెప్పుకున్నాను.

మొన్న పళ్లేలు వచ్చాయి. ఆకలి మీదున్నానేమో, రొయ్యలు రుచిగానే ఉన్నాయి, ఇష్టంగానే తిన్నాను, దాచడమెందుకు. తర్వాత దుంపలు నోట్లో పెట్టుకుని, ఇన్నేళ్లలో మొదటిసారి బుద్ధిపెట్టి నమిలాను. మా ఆవిడ చేసినదానికీ దీనికీ పోలికే లేదు. చింతపండు లేదు, ఇంగువ లేదు, పులుపు నామమాత్రం. పొగ వాసన వేసే మిరప్పొడి ఏదో ఉంది, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది. అచ్చం అదే అని నేనంటే ఆవిడ చివరిదాకా నమ్మింది.

ఈ కాలం పిల్లలు నయం. మా అల్లుడూ డాక్టరే, భార్యతో భోజనానికెళ్లాలి, ఈ రోజు నాకు డ్యూటీ వద్దు అని మొహమాటం లేకుండా అడిగేస్తాడు. మొదట్లో నాకు చిన్నతనంగా తోచేది, ఇప్పుడు అసూయగా ఉంది. నాకిప్పుడు రోటా లేదు, ప్రతివారం ఓ బుధవారం ఖాళీగా వస్తోంది, పోతోంది.

పళ్లేలు తీయడానికొచ్చిన అమ్మాయి ఎలా ఉందని మర్యాదకు అడిగింది. అలవాటైన నోరు కదా, బాగుంది అనేశాను. పులుపెంతో కారమెంతో అడిగి ఉంటే, ఈసారి సరిగ్గా చెప్పేవాణ్ణి.