నాలుగో పేరు దగ్గర

2018 అక్టోబరు 9 నాటికి సైకల్ అనే అమ్మాయి పెట్టుకున్న ఉద్యోగ దరఖాస్తులు అరవై మూడు. నరీన్ పట్టణంలో ఆమె చరిత్ర పట్టా చూసిన యజమానులందరిదీ దాదాపు ఒకటే మాట: "చచ్చిపోయినవాళ్ళ సంగతులు మాకెందుకమ్మా?" అరవై నాలుగోది ఒక బంగారు గని కంపెనీకి. అక్కడ కాగితాలు సర్దే పని దొరికింది. తండ్రి మంచాన పడ్డాక ఇంటికి జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

మరుసటి వసంతంలో గని దారి కోసం ఒక ఊరి పచ్చిక బయలు అవసరమైంది. పటాలు పట్టుకొని వెళ్ళిన ఇంజనీర్లు, గుమ్మంలో ఇల్లాలు అందించిన రొట్టెను "తొందరలో ఉన్నాం" అంటూ ముట్టుకోలేదు. గుమ్మంలో ఇచ్చిన రొట్టె తుంచి తినకపోతే అక్కడ అవమానం; ఆపైన ఆ ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మేనేజరు ఎర్మెక్ సైకల్‌ను పంపాడు. ఆమె రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. ఎవరి పిల్లవని పెద్దలు అడగగానే, అక్కడి ఆచారం ప్రకారం తండ్రి వైపు ఏడు తరాల పేర్లు వరసగా చెప్పింది. ఆరో పేరు దగ్గర చుట్టరికం కలిసింది. "మన పిల్లే!" అంటూ అందరూ సంతకాలు చేశారు. వేసవికల్లా ఆ పచ్చిక మీద లారీలు తిరిగాయి.

"చరిత్రకు ఇంత గిరాకీ ఉందని తెలిస్తే నేనూ అదే చదివేవాణ్ణి!" అని ఎర్మెక్ నవ్వాడు. ఆమె జీతం రెట్టింపైంది.

సెప్టెంబరులో అక్కడి పచ్చిక కోసం పై లోయకు వెళ్ళమన్నాడు.

"నా వల్ల కాదన్నా. ఇంకెవరినైనా పంపు."

"ఎవరున్నారు? నీకున్నంతమంది తాతలు మాకు లేరాయె!"

పై లోయలో ముసలి సాదిర్ రొట్టె అందించి, "చెప్పు తల్లీ, ఎవరి పిల్లవు?" అన్నాడు. ఆమె తండ్రి, తాత, ముత్తాత, ఆయన తండ్రి పేర్లు చెప్పింది. ఐదో పేరు సాదిర్ వంశంలోనూ ఉందని ఆమెకు తెలుసు. చరిత్ర పట్టా కోసం చేసిన పరిశోధనలో తన చేత్తో రాసుకున్న పేరే అది.

"తర్వాత?"

"గుర్తులేదు తాతా."

"ఇంత చదివి నాలుగేనా? మా బడిపిల్ల ఏడూ గడగడా చెబుతుంది!" అని కోడలు పకపకా నవ్వింది.

సాదిర్ నవ్వలేదు. ఆమె తెచ్చిన ఒప్పంద కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. "ఎవరో ఏమిటో తెలియకుండా సంతకం ఎలా పెట్టమంటావమ్మా?"

ఆ మరుసటి వారం కంపెనీ ప్రకటన వేసింది: ఊళ్ళలో సంతకాలు సేకరించే పనికి ఒక ఖాళీ, చరిత్ర పట్టభద్రులకు ప్రాధాన్యం, పై లోయ వారైతే మరీ మంచిది. నలభై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. ఎంపిక ప్రశ్నలు రాసే పని ఎర్మెక్ సైకల్‌కే అప్పగించాడు. "మొదటిది ఏం అడగాలో నీకు తెలుసుగా?"

ఏడు తరాల పేర్లు చెప్పండి, అని టైపు చేసి ఆమె కింద సంతకం పెట్టింది.